మూలబడిన కారును ఇంటివారే బాగుచేయుటను గూర్చి

మా యూరి పేరులో సాలెపురుగును, పామును, ఏనుగును గలవని యీ పత్రికను చదువు బాలబాలికలకు వేరుగ జెప్పనక్కరలేదు. 'శ్రీ' యనగా సాలెపురుగు, 'కాళ' మనగా సర్పము, 'హస్తి' యనగా ఏనుగు. 2022 వ సంవత్సరము మే నెలలో నొకనాటి యుదయమున, మా యింటి వెనుక కొట్టములో 23 ఏండ్లుగా కదలక నిలిచియున్న అంబాసిడరు కారు బానెట్టును మేము పైకెత్తినపుడు లోపల సాలెగూళ్లు దట్టముగ నల్లుకొనియుండెను. వెనుక సీటును తొలగింపగా దాని క్రింద పాము విడిచిన కుబుసమొకటి కనబడెను. మా కుమారుడు రెండడుగులు వెనుకకు వేసి, "ఇంక ఏనుగొక్కటే తక్కువ నాయనా!" అనెను. ఆ కారు బరువును, అది ముందు ముందు మింగబోవు ధనమును ఆనాడే యెరిగియున్నచో, ఏనుగు నెదుటనే యున్నదని మేము బదులు చెప్పియుందుము.

ఆ కారును 2022, 2023, 2024 సంవత్సరముల వేసవి సెలవులలో మేమును, మా యిల్లాలును, ఇరువురు పిల్లలును గలసి విప్పి, కడిగి, గీకి, బిగించి మరల బాటపైకి దెచ్చితిమి. పని మొదలుపెట్టిన నాటికి కుమారుడు ఎనిమిదవ తరగతిని, కుమార్తె ఆరవ తరగతిని ముగించియుండిరి. పని జరుగుచుండగా మా మేలు గోరువారు పలువురు మమ్ము మందలించిరి. వారిలో నీ పత్రికను చదువు తల్లిదండ్రులును గలరు. "మెకానిక్కునకు అప్పగించి డబ్బు పారవేయరాదా? చదువుకొను బిడ్డలచేత గ్రీజు పూయింతురా?" యని వారి ప్రశ్న. ఎదుట నిలిచి యుత్తరము చెప్పుటకు మాకు నోరు చాలలేదు. కావున నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగ కారు సంగతి. అంబాసిడరు కార్లు బెంగాలులోని ఉత్తరపారా యందు 1957 మొదలు 2014 వరకు తయారైనవి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను నొక యింగ్లీషు కారునకు అది యిచ్చటి రూపము. తయారీ నిలిచిపోయిన పిమ్మట 2017 లో ఆ పేరు మాత్రము ఒక ఫ్రెంచి కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినది. ఇనుముకన్న పేరే ప్రియమని దీనివలన దేలుచున్నది. మా యింటి బండి 1968 లో తయారైన మార్కు 2 రకము. ఇంజను పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కనే యుండును. మా తండ్రిగారు దానిని 1979 లో నొకరి యొద్ద పాతదిగనే కొనిరి. ప్రతి శుక్రవారమును తామే కడుగుచుండిరి. 1999 లో ఆయనకు కన్నుల చూపు మందగింపగా కొట్టములో నిలిపి తాళము పెట్టిరి. 2003 లో ఆయన గతించిరి. తాళపుచెవి మా తల్లిగారి బీరువాలో నుండిపోయినది.

మేము పదేండ్ల ప్రాయమువారమై యుండగా, నెల కొకమారు మేస్త్రి యొకరు సైకిలుపై పనిముట్ల సంచి తగిలించుకొని వచ్చి బండిని చూచి పోవుచుండెడివారు. ఆయన కారు క్రింద దూరి పనిచేయుచుండ మేము ప్రక్కన గొంతుకూర్చుండి చూచెడివారము. ఒకనాడు ఆయన మా చేతికొక స్పానరిచ్చి, "ఇది పట్టుకో నాయనా" యనెను. అంతలో మా తండ్రిగారు వచ్చి, "లోపలికి పో. పుస్తకం పట్టుకో. ఆ పని చేసేవాళ్లు వేరే ఉండారు" అనిరి. మేము లోపలికి పోతిమి. చదివితిమి, ఉద్యోగము సంపాదించితిమి. 50 ఏండ్లు వచ్చు వరకు కారు చక్రమొకటి మార్చుట మాకు చేతగాకపోయినది. ఇది మా తండ్రిగారిపై నింద గాదు. ఆయన పొలము దున్ని పైకి వచ్చినవారు. ఆయన చేతులకు కాయలుండెను. మా చేతులకు కాయలుండరాదని ఆయన కోరిక. ఆ కోరిక పూర్తిగ నెరవేరినది.

2022 లో పాత యినుము కొనువాడొకడు వచ్చి, కిలోల లెక్కన బేరమాడెను. అమ్మివేయుటకే మేము నిశ్చయించుకొంటిమి. మా తల్లిగారి నడుగగా, "అమ్మితే అమ్మండి. ఇల్లు జేరితే ఆ తలుపు చప్పుడు మాత్రం నాకింకా చెవుల్లో ఉంది" అనిరి. ఆమె బతిమాలలేదు, కంట నీరు పెట్టలేదు. తాళపుచెవిని బీరువానుండి తీసి మా చేతిలో బెట్టి వంటయింటిలోనికి పోయిరి. పాత యినుమువానిని పంపివేసి, ఆ మేస్త్రిగారి కొరకు వెదకుచు పోతిమి.

ఆయన జీవించియుండిరి. వయస్సు 75 దాటినది. నడుము వంగినది, చేతులు వణకుచున్నవి. స్పానరు పట్టుట యాయనకు సాధ్యము గాదు. నులకమంచము వేయించుకొని కొట్టములో కూర్చుండి నోటితో చెప్పుచుండ మేము చేయవలసినవారమైతిమి. పని మొత్తము మా చేతులమీదుగ జరుగుటకు మొదటి కారణమిదియే గాని మా గొప్ప యేమియు లేదు. ఆ పాతబండి మర్మ మెరిగిన చేతులు మా వీధులలో నిక నవియే. అవి వణకుచున్నవి గనుక మావి కావలసివచ్చినవి.

ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును వెంటనే త్రిప్పజూచుట వెఱ్ఱితనమని ఆయన మొదటి పాఠము. లోపలి పిస్టన్లు సిలిండరు గోడలకు పట్టుకొనియుండును; బ్యాటరీ బలముతో లాగినచో గీరుకొని ఇంజనే పాడగును. కావున స్పార్కు ప్లగ్గులు నాలుగింటిని విప్పి, ఆ రంధ్రములలో నూనె పోసి వదలితిమి. ప్రతి సాయంకాలమును ముందరి హ్యాండిలును చేతితో మెల్లగ నదిమి చూచుచు వచ్చితిమి. తొమ్మిదవ నాడు అది చిక్కుడుగింజంత కదలెను. మా కుమార్తె వేసిన కేకకు ప్రక్కయింటివారు పరుగెత్తి వచ్చిరి.

కదలినది గదా, ఇక ఇంజనును మ్రోగింతమని మా తొందర. మేస్త్రిగారు తల యడ్డముగ నూపిరి. "ముందు నిలబడేది నేర్పల్ల సామీ. పరిగెత్తేది దానంతట అదే వస్తాది" అనిరి. తత్ఫలముగ మొదటి వేసవి యంతయు బ్రేకులకే సరిపోయినది. నాలుగు చక్రముల డ్రమ్ములను ఊడదీసి, చక్రముల వద్దనున్న చిన్న సిలిండర్లలో గట్టిపడిన రబ్బరు ముక్కలను మార్చి, త్రుప్పు దినిన నూనెగొట్టములను క్రొత్తవిగ వేయించి, లోపలి గాలిబుడగలు పోవువరకు ఒకరు పెడలు త్రొక్కుచుండ మరియొకరు మరను విప్పి బిగించుచు నుండవలెను. త్రొక్కువారును విప్పువారును ఒకరి మాట నొకరు వినకున్న పని చెడును. మా యింట అన్నాచెల్లెండ్రు జగడమాడక ఒక గంటసేపు గడపుట మే మదివరకు చూచియుండలేదు.

రెండవ వేసవి త్రుప్పుతో గడచినది. లారీవంటి బండ్లకు అడుగున బలమైన చట్రము వేరుగ నుండును. అంబాసిడరునకు అట్టిది లేదు. పైతొడుగును, అడుగురేకును, తలుపుల క్రింది పట్టీలును ఏకమై బండి బరువును మోయును. కావున అడుగురేకున బడిన రంధ్రము అందమునకు వచ్చిన లోపము గాదు, ప్రాణమునకు వచ్చిన ముప్పు. రేకును గోసి క్రొత్తది వెల్డింగు చేయుట మాకు తగినది గాదని ఎరిగి, దానిని మాత్రము తెలిసిన పనివారిచే చేయించితిమి. మిగిలిన త్రుప్పు గీకుట పిల్లల వంతు.

ఇచ్చట నొక ముచ్చట. గీకిన త్రుప్పును, పనికిరాని మేకులను, మరలను ఒక బుట్టలో పోసి వీధిలో నుంచగా, కలంకారీ పనిచేయు మా పొరుగాయన వచ్చి, "పారేస్తారా? మాకియ్యండి" అని యడిగి గొంపోయెను. త్రుప్పుపట్టిన యినుప ముక్కలను బెల్లపు నీటిలో వారముల తరబడి నానవేసి వారు నల్లరంగు తీయుదురు. బట్టను ముందుగ కరక్కాయయు పాలును గలిపిన నీటిలో ముంచి యారవేయుదురు. ఆ బట్టపై కలముతో గీసిన యినుపనీరు కరక్కాయ వగరుతో గలసినంతనే నల్లబడి నిలుచును. దీనిని మా కుమారుడు వినియుండి, త్రుప్పునాపుటకని మేము డబ్బిచ్చి కొనితెచ్చిన మందుడబ్బాపై వ్రాసిన పదార్థముల పేరులు చదువగా, అందు టానిక్ ఆమ్లమని యుండెను. కరక్కాయలోని వగరును ఆ జాతిదే. ఆ మందు పూయగా నెఱ్ఱని త్రుప్పు నల్లబడి గట్టిపడెను. తరతరములుగ మా యూరివారు గుడ్డపై చేయుచున్న పనియే యిది. రేకుపై జరిగినది, అంతియే. ఈ సంగతి పాఠ్యపుస్తకములో నున్నయెడల వాడు ముందునాటి పరీక్షకు వల్లించి మరునాడు మరచియుండును. ఇపుడు ఇంటికి వచ్చిన ప్రతివారికిని విసుగుపుట్టునట్లు చెప్పుచున్నాడు.

ఇక ఆక్షేపణలు. "పిల్లల చదువు చెడును" అనునది మొదటిది. దీనిని తోసివేయజాలము. తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలలో మా కుమారుని మార్కులు తగ్గినవి. సెలవులు ముగిసినను వాడు కొట్టమును వదలకుండెను. దానిని దాచము. కారు విప్పుటచే భౌతికశాస్త్రమున మార్కులు పెరిగెనని మేము చెప్పినచో మీరు సంతోషింతురు గాని అది నిజము గాదు. బడి తెరచిన దినములలో కొట్టమునకు తాళము వేయుట మా పని. దానిని మేము చేయకపోతిమి. మరుసటి యేడు వేసితిమి.

రెండవ ఆక్షేపణ నోటితో పూర్తిగ పలుకరు. "మన పిల్లలు ఆ పని చేయుటా?" అని సాగదీసి యూరకుందురు. 'ఆ పని' యన్న మాటలోనే యున్నది సంగతి యంతయు. చేతితో చేయు పని తక్కువవాని పని యనియు, తలతో చేయునది యెక్కువవాని పని యనియు మనము ఉగ్గుపాలతో నేర్చుకొంటిమి. 1937 లో వార్ధాలో గాంధీగారు చేతిపని మూలముగనే చదువు నేర్పవలెనని ప్రతిపాదించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువువారు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగువారి వద్ద పని చూడవలెనని చెప్పుచున్నది. పది దినములు! మంచిదే. కాని పది దినములలో వడ్రంగి యొద్ద నేర్చునది వడ్రంగమునకు దండము పెట్టుట మాత్రమే. పని చెడి, మరల విప్పి, మరల చెడి, మూడవమారు కుదురువరకు దానిని విడువకుండుట ఇంటిలోనే నేర్పవలసిన విద్య.

ఈ ఏవగింపు చదువుకొన్నవారికే పరిమితమని మేము భ్రమపడియుంటిమి. ఒకనాటి మధ్యాహ్నము మా కుమార్తె కార్బురేటరును విప్పి బల్లపై పరచి, మేస్త్రిగారు చెప్పుచుండ దానిలోని సూదియు, పైకి క్రిందికి నాడు పిస్టనును, ఆ పిస్టను తొందరపడి యెగురకుండుటకు పైగొట్టములో పోయు కాసింత నూనెయు ఎందులకో తెలిసికొనుచుండెను. ఆమె చిన్న వ్రేళ్లు మా వ్రేళ్లు పట్టని చోట్లకు పోవుచుండెను. ఆయన చాలసేపు చూచి, "నా మనవడు తిరుపతిలో ఇంజనీరింగు చదువుతాండాడు పాపా. వాణ్ణి ఒక్కనాడు కూడా షెడ్డులోకి రానీలేదు. 'ఈ మసి నాతోనే పోవల్ల' అని వాళ్లమ్మకు చెప్పినాను" అనిరి. పిదప కొంతసేపు ఎవరును మాటాడలేదు. మా తండ్రిగారు మాతో ననిన మాటయే యిది. మసిలో బ్రతికినవాడును ఆ మాటయే చెప్పెనే! మా తండ్రిగారిని దలచుకొని మాకు సిగ్గు గలిగెనా, జాలి గలిగెనా యిప్పటికిని తెలియదు.

కోయంబత్తూరునకు జెందిన జి.డి. నాయుడుగారి కథ మన పిల్లలకు చెప్పదగినది. ఆయన తెలుగు మాటాడు కుటుంబమున 1893 లో పుట్టిరి. పడుచుప్రాయమున ఒక దొర యొద్ద రడ్జి మోటారుసైకిలును చూచి, దానిని కొనవలెనను పట్టుదలతో హోటలులో వడ్డనపని చేసి డబ్బు కూడబెట్టిరి. కొన్న పిమ్మట ఆయన మొదట చేసినది దానిపై ఊరేగుట గాదు; దానిని ముక్కలుగ విప్పి, మరల కూర్చుట. 1920 లో నొక్క బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల నడుమ రాకపోకలు ప్రారంభించి, ముందునకు గొప్ప యంత్రనిర్మాత యైరి. ఆయన పేర కోయంబత్తూరులో పాతకార్ల ప్రదర్శనశాల నేడు గలదు. బిడ్డ చేతి గ్రీజును జూచి భయపడు తల్లిదండ్రులు ఒకమారు పిల్లలతో గూడ పోయి చూచిరావలెను.

దీనికి భిన్నమైన పాతకారు హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున గలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పింపబూనిన రోల్స్‌రాయిస్ అది. లోపల సింహాసనమువంటి పీఠముండును. 1911 లో ఆయన గతింపగా అది ఏడవ నిజామునకు సంక్రమించినది. దశాబ్దములు మూలబడి, పిదప బాగుచేయబడి, ఇపుడు పసుపుపచ్చగ మెఱయుచున్నది. అట్టి బండిని నిపుణులే ముట్టుకొనవలెను, ప్రదర్శనమునకే యుంచవలెను. దానిని మేమును ఒప్పుకొందుము. కాని నిజాముగారి కారునకు తగిన నీతి మా యంబాసిడరునకు తగదు. ఇది సంసారపు బండి. బియ్యపుమూటలను, పురిటికి పోవు ఆడబిడ్డలను మోసినది. దానిని అద్దములో బెట్టుట దానికి గౌరవము గాదు.

మరియొక మిత్రుడు, "ఆ ముసలి ఇంజను తీసివేసి క్రొత్త జపాను ఇంజనొకటి పెట్టించి, చల్లగాలి యమర్పించుము" అని చెప్పెను. ఆలోచన చెడ్డది గాదు. కంపెనీవారే 1992 ప్రాంతమున ఇసుజు ఇంజను బిగించి అంబాసిడర్లను అమ్మిరి. అయినను మేము ఒల్లమైతిమి. కారణము చెప్పుటకు మా యూరి గాలిగోపురమును దలపవలసియున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1516 లో కట్టించిన ఆ గోపురము 2010 మే 26 వ తేదీ రాత్రి కూలిపోయినది. బీటలు అంతకుముందే కనబడినవి. 2017 నాటికి అచ్చటనే క్రొత్త గోపురము లేచినది, చక్కగనే యున్నది. కాని పాతదానిని బాల్యమునుండి చూచినవారు క్రొత్తదానికి మ్రొక్కునపుడు ఒక్క క్షణము ఆగుదురు. ఉన్నదానిని నిలుపుకొనుట వేరు, పోయినదానికి బదులు కట్టుకొనుట వేరు. గోపురమునకును కారునకును పోలిక యేమని నవ్వువారు నవ్వవచ్చును.

అట్లని పాతది యంతయు పవిత్రమని మేమనము. ఈ కారు నిద్రించినపుడు పెట్రోలులో సీసము కలుపుచుండిరి. 2000 లో దేశమంతట ఆపివేసిరి. అది మేలుకొనునప్పటికి 20 శాతము ఇథనాలు గలిసిన పెట్రోలు వచ్చుచున్నది. పాత రబ్బరుగొట్టములను ఇథనాలు మెత్తబరచి చెరచును. కావున ఇంధనపు గొట్టములను దానికి తట్టుకొనువానినిగా మార్చితిమి. పాత తీగలను ఎలుకలు కొరికివేసియుండెను. ఆ తీగలను మొత్తము తీసివేసితిమి. సీట్లకు నడుముపట్టీలు క్రొత్తగ బిగించితిమి. దాని పొగ నేటి కార్ల పొగకన్న చెడ్డదని యెరుగుదుము. నెలకు రెండుమారులకు మించి బయటికి తీయము. మెదక్కూడదని పొగను సమర్థించు పాతకార్ల ప్రేమికులతో మాకు పొత్తు లేదు.

ఖర్చు సంగతి యడుగువా రెక్కువ. లెక్కపుస్తకము మూసిన నాటికి రెండు లక్షల రూపాయలు దాటినది. అంత సొమ్మునకు నడుచుచున్న చిన్నకారొకటి వచ్చియుండెడిది. అందులో కొంత మా తెలివితక్కువకు చెల్లించిన సుంకము. మూడవ వేసవిలో ఇంజను తల బిగించునపుడు బోల్టులను నడుమనుండి మొదలిడి క్రమముగ నిరుప్రక్కలకు, కొంచెము కొంచెముగ బిగింపవలెనని మేస్త్రిగారు చెప్పియుండిరి. ఆయన భోజనమునకు పోయినపుడు మేము పెద్దరికము చూపుచు ఒక ప్రక్కనుండి వరుసగ, గట్టిగ బిగించితిమి. "నాయనా, తాత అట్ల చెప్పలేదే" యని కుమార్తె యనుచునే యుండెను. వినలేదు. గ్యాస్కెట్టు కాలి నూనెలో నీరు గలిసినది. మరల మొదటినుండి విప్పవలసివచ్చినది. ఆనాడు పిల్లలు మమ్ము నేమియు ననలేదు. అనకుండుటయే కష్టముగ దోచినది. తండ్రి తప్పుచేసి, పిల్లల యెదుట దానిని చేతులతో సరిదిద్దుకొను సందర్భము చదువుకొన్నవారి యిండ్లలో నెన్నిమారులు వచ్చును?

రిజిస్ట్రేషను మాట సూక్ష్మముగ జెప్పెదము. 2021 లో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు 'వింటేజి' తరగతి నేర్పరచినది. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, సంఖ్యలో 'వి.ఏ.' అను గుర్తుండును. పది సంవత్సరములు చెల్లును. మా బండి దానికి తగినదే. అయితే ఆ తరగతి బండ్లను ప్రదర్శనములకు, ఊరేగింపు పందెములకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు తప్ప నిత్యమైన వాడుకకు నడుపరాదు. మా తల్లిగారిని ఆమె పుట్టినూరికి గొంపోవుట ప్రదర్శనము క్రింద రాదు గదా! కావున ఆ గౌరవమును వదలుకొని, ఆలస్యపు రుసుములు చెల్లించి, మామూలు పద్ధతిలోనే తనిఖీ చేయించుకొంటిమి. కాగితములలో చిత్తూరు జిల్లా యనియుండెను. కారు కొట్టములో నుండగనే రాష్ట్రము రెండైనది, 2022 ఏప్రిలులో మా యూరు తిరుపతి జిల్లాలోనికి మారినది. దానివలన బడిన తిరుగుడు వేరొక వ్యాసమునకు సరిపోవును.

2024 జూను మొదటి వారమున మా తల్లిగారిని వెనుక సీటులో కూర్చుండబెట్టి తొట్టంబేడు వైపుగ బయలుదేరితిమి. మేస్త్రిగారు ముందుసీటున. ఎండ మండుచుండెను. కొంత దూరము పోయిన పిదప ఇంజను దగ్గి, తడబడి, ఆగినది. మేము గాబరాపడితిమి. కుమార్తె దిగి, బానెట్టెత్తి, పెట్రోలు పంపును ముట్టి చూచి, మంచినీళ్ల సీసాతో తన చేతిరుమాలు తడిపి దానిపై చుట్టినది. వేడికి పంపులో పెట్రోలు ఆవిరియై అడ్డుపడుటయే కారణము. పదినిమిషములు చింతచెట్టు నీడన నిలిచితిమి. మేస్త్రిగారు కారు దిగనేలేదు. అద్దములోనుండి చూచుచు నవ్వుచుండిరి. దారిన పోవు నొక రైతు ట్రాక్టరు నాపి, ఈ కారు తన పెండ్లికి వచ్చినదే యని వాదించి, మేమెంత చెప్పినను వినక వెడలిపోయెను.

ఇంటికి తిరిగివచ్చి మా తల్లిగారు దిగి తలుపు వేయబోయిరి. అది పడలేదు. ఎడమవైపు వెనుక తలుపు కీలు అరిగియున్నందున కొంచెము పైకెత్తి నెట్టవలెను. మూడవమారు ఎత్తి నెట్టగా పడెను. ఆ చప్పుడు విని ఆమె, "ఇదే" యని లోపలికి పోయిరి.

కీలు ఇంకను మార్చలేదు. హారను ఒకమారు మ్రోగి మరియొకమారు మ్రోగదు. గడియారము 1999 లో నిలిచిన చోటనే నిలిచియున్నది. దానిని విప్పుటకు కుమార్తెకు అనుమతి యిచ్చితిమి. మొన్నటి యాదివారము మేస్త్రిగారి వెంట ఆయన మనుమడు తిరుపతినుండి వచ్చి, గేటు వద్దనే నిలిచి, తెల్లచొక్కా చేతులు మడచుకొనవలెనా వద్దా యని తాతగారి వైపు చూచుచుండెను. ఆయన ఏమియు ననక, నులకమంచముపై కొంచెము జరిగి చోటిచ్చిరి.